పదకొండు మంది తోబుట్టువులు, ఒక కంపెనీ: జాన్ జాన్‌స్టన్ కథ

1765 మే నెలలో రాబర్ట్ క్లైవ్ రెండోసారి బెంగాల్ గవర్నరుగా కలకత్తాలో దిగాడు. ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల్లో ముదిరిపోయిన అవినీతిని కడిగేయడానికే వచ్చానని చెప్పుకున్నాడు. ఆయన కంటపడిన మొదటి పెద్ద వ్యవహారం కౌన్సిల్ సభ్యుడు జాన్ జాన్‌స్టన్‌ది. కొన్ని నెలల కిందటే నవాబు మీర్ జాఫర్ చనిపోయాడు. ఆయన కొడుకు నజ్ముద్దౌలాను గద్దెనెక్కించడానికి ముర్షీదాబాద్ వెళ్లిన బృందానికి పెద్ద జాన్‌స్టన్. ఆ పని చేసిపెట్టినందుకు 2,37,000 రూపాయలు నజరానా పుచ్చుకున్నాడు. తమ్ముడు గిడియన్‌కు కూడా 50,000 ముట్టాయి.

నిలదీస్తే జాన్‌స్టన్ తల దించుకోలేదు. మీరు పుచ్చుకున్న దాని మాటేమిటని ఎదురు తిరిగాడు. ప్లాసీ తర్వాత ఇదే మీర్ జాఫర్‌ను నవాబును చేసినందుకు క్లైవ్‌కు ముట్టింది 2,34,000 పౌండ్లు. ఏటా దాదాపు 27,000 పౌండ్లు వచ్చే జాగీరు అదనం. పౌండుకు ఎనిమిది రూపాయల లెక్కన చూస్తే జాన్‌స్టన్ నజరానా దాదాపు 30,000 పౌండ్లు, అంటే క్లైవ్ జాగీరు మీద ఒక ఏడాది ఆదాయం కన్నా కాస్త ఎక్కువ. దొంగే దొంగ దొంగ అని అరిచినట్టుందని జాన్‌స్టన్‌కు అనిపించి ఉంటే తప్పేం లేదు.

కానీ అది జవాబే గానీ సమర్థన కాదు. నజరానాలు తీసుకోబోమని ఒప్పంద పత్రాల మీద సంతకం చేయమన్న లండన్ ఆదేశం ఆ పాటికే కలకత్తా చేరింది. కౌన్సిల్ వాటి మీద సంతకాలు చేయకుండా పక్కన పెట్టి, ముందు గద్దె పని చక్కబెట్టుకుంది. డబ్బు ఎలా రాబట్టారో కూడా విచారణలో బయటికొచ్చింది. జాన్‌స్టన్ దగ్గర పనిచేసే మోతీరామ్ జగత్ సేఠ్‌ల దగ్గరికి రాయబారం వెళ్లాడు. సేఠ్‌లంటే బెంగాల్లో ఖజానాను, నాణేలను, అప్పులను గుప్పిట్లో పెట్టుకున్న వడ్డీ వ్యాపారుల ఇల్లు. దొరలకు కానుక ఇచ్చుకుంటే మీ పనులు సాఫీగా సాగుతాయి, లేదంటే దొరల సాయం ఉండదు అన్నది ఆ రాయబారం సారాంశం. సేఠ్‌లు 1,25,000 రూపాయలకు ఒప్పుకున్నారు. ఇప్పటి భాషలో చెప్పాలంటే మామూళ్ల వసూలు. క్లైవ్ మోతీరామ్‌ను అరెస్టు చేయించాడు. ఇలాంటి కథల్లో జైలు మెట్లెక్కేది ఎప్పుడూ గుమాస్తాయే.

జాన్‌స్టన్ ఆ ఏడాదే ఉద్యోగం వదిలి ఇంటికి బయల్దేరాడు. చేతిలో దాదాపు 3,00,000 పౌండ్ల ఆస్తి. అప్పటికి ఆయనకు 31 ఏళ్లు. కంపెనీలో కొత్తగా చేరే రైటరు, అంటే కిందిస్థాయి గుమాస్తా, జీతం ఏడాదికి 5 పౌండ్లు. ఈ రెండు అంకెల మధ్య దూరం ఒక మనిషి దురాశతోనే వచ్చిందనుకుంటే లెక్క తేలదు. దాని వెనక ఒక కుటుంబం ఉంది. పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ సామ్రాజ్యం ఎలా నడిచిందో కంపెనీ దస్తావేజుల కంటే ఈ కుటుంబం తిన్నగా చూపిస్తుందని నా అభిప్రాయం.

వెస్టర్‌హాల్ పిల్లలు

స్కాట్లండ్ దక్షిణ సరిహద్దులో, డంఫ్రీస్‌షైర్‌లోని ఎస్క్ లోయలో వెస్టర్‌హాల్ అనే ఎస్టేటు. యజమాని సర్ జేమ్స్ జాన్‌స్టన్ లాయరు. భార్య బార్బరా మర్రే లార్డ్ ఎలిబ్యాంక్ కూతురు. బిరుదు ఉంది, భూమి ఉంది, వాటితోపాటు అప్పులూ ఉన్నాయి. పద్నాలుగు మంది పుట్టారు, పదకొండు మంది బతికి పెద్దయ్యారు. నలుగురు ఆడపిల్లలు, ఏడుగురు మగపిల్లలు. ఆ కాలపు ఆనవాయితీ ప్రకారం ఎస్టేటు పెద్ద కొడుక్కి పోతుంది. మిగతా ఆరుగురు ఏం తిని బతకాలి?

1707కు ముందైతే ఈ ప్రశ్నకు సమాధానం దొరకడం కష్టమయ్యేది. ఇంగ్లండ్ వలసలతో వ్యాపారం చేసుకునే హక్కు స్కాట్‌లకు ఉండేది కాదు. సొంతంగా పనామా దగ్గర డేరియన్‌లో వలస పెట్టబోయి దేశం మొత్తం చేతులు కాల్చుకుంది. 1707లో రెండు రాజ్యాలూ ఒకటైన తర్వాత ఇంగ్లండ్ సామ్రాజ్యం తలుపులు తెరుచుకున్నాయి. సైన్యం, నౌకాదళం, వెస్టిండీస్ తోటలు, ఈస్టిండియా కంపెనీ. అప్పుల్లో ఉన్న పెద్దింటి చిన్న కొడుకులు అటు పరుగులు తీశారు. ఇండియాను ఏలింది ‘ఇంగ్లీషువాళ్లు’ అని మనం అలవాటుగా అంటాం గానీ, ఆ ఏలినవాళ్లలో స్కాట్‌లు చాలామందే ఉన్నారు. మన దత్త మండలాలకు తొలి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోది గ్లాస్గో. తెలుగు నేల కైఫీయతులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీది లూయిస్ దీవి.

జాన్‌స్టన్ పిల్లలు ఎక్కడెక్కడికి చేరారో చూస్తే కళ్లు తిరుగుతాయి. రెండో అక్క మార్గరెట్ తిరుగుబాటుదారు. 1745లో స్టువర్ట్ వంశం కోసం జాకోబైట్లు లేచినప్పుడు భర్త లార్డ్ ఓగిల్వీతో కలిసి వాళ్ల పక్షం చేరింది. కులోడెన్ ఓటమి తర్వాత ఎడిన్‌బరా కోటలో ఖైదు చేస్తే, బట్టలుతికే పనిపిల్ల వేషం వేసుకుని తప్పించుకుని ఫ్రాన్స్ చేరింది. 1757లో చనిపోయేదాకా అక్కడే ఉంది. రాజు మీద తిరగబడిన ఇంటి నుంచే రాజు కోసం గవర్నర్లూ కమాండర్లూ బయల్దేరడం అప్పట్లో ఎవరికీ వింతగా అనిపించలేదు. ఒక పందెం పోతే ఇంకో పందెం.

అన్న జార్జ్ నౌకాదళంలో చేరి 1763లో వెస్ట్ ఫ్లోరిడా గవర్నరయ్యాడు. సైనికుడైన అలెగ్జాండర్ కరీబియన్‌లోని గ్రెనడా దీవిలో బానిసలతో సహా చెరకు తోట కొని, దానికి సొంతూరి పేరే పెట్టాడు: వెస్టర్‌హాల్. క్యూబెక్‌కు తొలి బ్రిటిష్ గవర్నరు జేమ్స్ మర్రే వీళ్లకు మేనమామ. తమ్ముడు పాట్రిక్ కంపెనీ ఉద్యోగంలో కలకత్తా వెళ్లి, 1756 జూన్‌లో ‘చీకటి కొట్టు’గా పేరుపడిన గదిలో ఊపిరాడక చనిపోయాడు. ఆఖరివాడు గిడియన్ కాశీలో యాత్రికులకు గంగా జలం అమ్ముకున్నాడని ఒక కథ ఉంది. నిజమో కాదో గానీ, ఈ అన్నదమ్ముల గురించి వింటే నమ్మబుద్ధేస్తుంది.

వీళ్లలో బాగా కలిసొచ్చింది విలియమ్‌కు, అదీ పెళ్లితో. 1760లో ఫ్రాన్సెస్ పుల్టెనీని చేసుకున్నాడు. ఏడేళ్లకు ఆమెకు లండన్, బాత్ నగరాల్లో అపారమైన ఆస్తి సంక్రమించింది. విలియం అత్తింటి పేరు పెట్టుకుని విలియం పుల్టెనీ అయ్యాడు, మన దగ్గర ఇల్లరికం అల్లుడు ఇంటిపేరు మార్చుకున్నట్టే. బాత్‌లో టూరిస్టులు ఫోటోలు దిగే పుల్టెనీ వంతెన ఈ జంట వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ చేత గీయించినదే.

ఊరు దాటని అక్క బెట్టీ గురించి చరిత్ర పుస్తకాల్లో కనబడేది తక్కువ. కానీ ఫ్లోరిడా ఉత్తరం బెంగాల్ చేరాలన్నా, ఎవరి అప్పు ఎంత, ఎవరి ఆరోగ్యం ఎలా ఉంది అన్న కబురు తెలియాలన్నా అక్క దగ్గరికే వచ్చేది. ఓడ మీద ఉత్తరం వెళ్లడానికి ఆరు నెలలు, జవాబుకు మరో ఆరు నెలలు పట్టే రోజులవి. ఆ ఉత్తరాల్లోనే డబ్బు, సిఫార్సు, సమాచారం అన్నీ నడిచేవి.

విశాఖపట్నం నుంచి బర్ద్వాన్ దాకా

జాన్ 1734లో పుట్టాడు. పదిహేడేళ్లు వచ్చేసరికి బెంగాల్లో ఉన్నాడు. 1756లో సిరాజుద్దౌలా కలకత్తాను పట్టుకున్నప్పుడు ఢాకాలో బందీ అయ్యాడు. తమ్ముడు చనిపోయింది ఆ రోజుల్లోనే. మరుసటి ఏడాది ప్లాసీలో ఫిరంగి దళంలో పనిచేశాడు.

తర్వాతి మజిలీ మన తీరం. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధం, ఆ వెంటనే తాండ్ర పాపారాయుడి చేతిలో విజయనగరం రాజు విజయరామరాజు హతం కావడం తెలుగువాళ్లకు చెప్పక్కర్లేని సంగతులు. వారసుడిగా వచ్చిన ఆనంద గజపతిరాజుకు ఫ్రెంచి వాళ్లతో పడలేదు. ఫ్రెంచి సేనాని బుస్సీ దక్షిణాదికి వెళ్లిన అదను చూసి విశాఖపట్నంలోని ఫ్రెంచి స్థావరాన్ని పట్టుకుని, సాయం పంపమని కలకత్తాకు కబురు పెట్టాడు. క్లైవ్ కర్నల్ ఫోర్డ్‌ను సేనతో పంపాడు. ఆ సేన కంటే ముందు విశాఖపట్నం వచ్చి రాజుతో ఏర్పాట్లు మాట్లాడినవాడు జాన్ జాన్‌స్టన్. 1758 డిసెంబరులో చందుర్తి దగ్గర ఫ్రెంచి వాళ్లు ఓడిపోయారు, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట పడిపోయింది. ఈ మధ్యలో ఫోర్డ్‌కు ఫ్రెంచి తుపాకుల కన్నా పెద్ద టెన్షన్ డబ్బు. ఒప్పుకున్న ఖర్చు రాజు ఇవ్వడు, సిపాయిలకు జీతాలు అందవు. సర్కారు జిల్లాలు కంపెనీ చేతికి పోవడానికి దారి వేసిన ఈ దండయాత్రలో యుద్ధం కొన్నాళ్లే, బేరసారాలు నెలల తరబడి.

జాన్‌కు అసలు డబ్బు బెంగాల్లోనే వచ్చింది. 1760లో మీర్ ఖాసిం నవాబైనప్పుడు బర్ద్వాన్, మిడ్నపూర్, చిట్టగాంగ్ జిల్లాలు కంపెనీ చేతికొచ్చాయి. మిడ్నపూర్‌లో, ఆ తర్వాత బర్ద్వాన్‌లో జాన్ కంపెనీ పెద్ద దొర. అదే సమయంలో హే, బోల్ట్స్ అనే ఇద్దరు సహోద్యోగులతో కలిసి సొంత వ్యాపారం పెట్టాడు.

ఆ వ్యాపారంలోని మెలిక తెలియకపోతే మీర్ ఖాసిం మీద కంపెనీ చేసిన 1763 యుద్ధం అర్థం కాదు. 1717లో మొగల్ చక్రవర్తి ఫరూఖ్‌సియర్ కంపెనీ సరుకుకు సుంకం మాఫీ చేస్తూ ఫర్మానా ఇచ్చాడు. సరుకు వెంట దస్తక్ అనే చీటీ ఉంటే చౌకీల్లో ఎవరూ ఆపరు. ఆ మాఫీ కంపెనీ ఎగుమతి సరుకు కోసం. ప్లాసీ తర్వాత ఉద్యోగులు అదే చీటీని తమ సొంత సరుకుకు, అందులోనూ ఉప్పు, పొగాకు, వక్కల్లాంటి దేశవాళీ సరుకులకు వాడటం మొదలుపెట్టారు. బెంగాలీ వర్తకుడు సుంకం కట్టాలి, దొర గుమాస్తా కట్టక్కర్లేదు. పైగా ఆ గుమాస్తా వెంట సిపాయిలుంటారు. రైతు దగ్గర తక్కువ ధరకు లాక్కుని, అదే ఊళ్లో ఎక్కువ ధరకు అంటగట్టొచ్చు. వర్తకులు దివాలా తీశారు, నవాబు ఖజానా ఎండిపోయింది.

మీర్ ఖాసిం ఫిర్యాదు మీద ఫిర్యాదు పంపాడు. గవర్నర్ వాన్సిటార్ట్ రాజీకి వచ్చి, కంపెనీ ఉద్యోగులు 9 శాతం సుంకం కట్టాలని ఒప్పుకున్నాడు. జాన్‌స్టన్ సహా కౌన్సిల్లో మెజారిటీ ఆ ఒప్పందాన్ని తోసేసింది. అప్పుడు నవాబు తెలివైన ఎత్తు వేశాడు: అందరికీ సుంకం ఎత్తేశాడు. దొరలు కట్టకపోతే మా వర్తకులూ కట్టరు, పోటీ సమానం. కౌన్సిల్‌కు ఇది బొత్తిగా మింగుడు పడలేదు. వాళ్లకు కావలసింది సుంకం లేకపోవడం కాదు, తమకు మాత్రమే లేకపోవడం. స్వేచ్ఛా వాణిజ్యం పేరు చెప్పి, స్వేచ్ఛా వాణిజ్యం ప్రకటించిన నవాబు మీద యుద్ధం చేశారు. ఆ యుద్ధంలో బందీగా దొరికి పట్నాలో హతమైనవాళ్లలో జాన్‌స్టన్ భాగస్వామి హే ఒకడు.

లండన్‌లో ఓట్ల పంపకం

1764 మొదట్లో కంపెనీ డైరెక్టర్లు జాన్‌స్టన్‌ను ఉద్యోగం నుంచి తీసేశారు. కొన్ని నెలలకే ఆయన మళ్లీ పదవిలో ఉన్నాడు. ఇది ఎలా జరిగిందన్నదే ఈ కథలో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించే భాగం.

కంపెనీ మీద ఆఖరి మాట డైరెక్టర్లది కాదు, వాటాదారుల సభది. 500 పౌండ్ల వాటా ఉన్నవాడికి ఒక ఓటు. 50,000 ఉన్నా ఒకటే ఓటు. చూడ్డానికి ప్రజాస్వామ్యంలా ఉంటుంది. కానీ 50,000 ఉన్నవాడు దాన్ని వంద ముక్కలు చేసి, చుట్టాలకూ స్నేహితులకూ గుమాస్తాలకూ తలా 500 పేరు మీద రాసి, ఓటింగ్ అయ్యాక వెనక్కి రాయించుకోవచ్చు. వంద ఓట్లు. ఈ ఆట ఎంత ముదిరిందంటే, వాటా కొన్న ఆరు నెలల దాకా ఓటు చెల్లదని 1767లో పార్లమెంటు చట్టం చేయాల్సొచ్చింది.

ఇలాంటి ఆటకు పెద్ద కుటుంబం కావాలి. బెంగాల్ డబ్బు జాన్‌ది, సభలో గొంతు జార్జ్‌ది, చట్టం తెలిసినవాడూ పలుకుబడి ఉన్నవాడూ విలియం. నజరానాలు పుచ్చుకున్నవాళ్ల మీద కంపెనీ వేసిన దావాను 1767లో ఉపసంహరింపజేసింది కూడా ఈ వాటాదారుల సభే. కలకత్తాలో క్లైవ్ గెలిచిన పోరు లండన్‌లో జాన్‌స్టన్‌లు తిరగరాశారు. క్లైవ్‌కు వాళ్లు జీవితాంతం కంట్లో నలుసే.

ఇందులో ఇంకో పిట్టకథ ఉంది. విలియమ్‌కు స్నేహితుడు ఆడమ్ స్మిత్, ఆర్థిక శాస్త్రానికి ఆద్యుడని మనం చదువుకున్నాయనే. 1772లో కంపెనీ వ్యవహారాల మీద విచారణకు ఇండియా పంపడానికి తగినవాడని స్మిత్ పేరును విలియం డైరెక్టర్ల దగ్గర ప్రస్తావించాడు. స్మిత్ కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరం రాశాడు. ఆ ప్రయాణం జరగలేదు. నాలుగేళ్లకు అచ్చయిన తన పుస్తకంలో స్మిత్ ఆ కంపెనీ పాలననే ఉతికి ఆరేశాడు.

బెలిండా

జాన్ కలకత్తా నుంచి భార్య ఎలిజబెత్ కరొలైన్ కీన్‌తో తిరిగొచ్చాడు. వాళ్లు వెంట తెచ్చుకున్నవాళ్లలో బెంగాల్ అమ్మాయి ఒకరుంది. కోర్టు కాగితాల్లో ఆమె పేరు ‘బెల్, అలియాస్ బెలిండా’. జాన్‌స్టన్‌కు ‘బానిస లేదా సేవకురాలు’.

1771 వేసవిలో స్కాట్లండ్‌లోని ఫైఫ్‌లో, లెవెన్ నదిలో గుడ్డలో చుట్టిన పసిబిడ్డ శవం దొరికింది. బిడ్డ బెలిండాదని తేల్చి ఆమెను అరెస్టు చేశారు. గర్భం సంగతి దాచి, పురుడుకు ఎవరినీ పిలవకుండా ఉండి, బిడ్డ చనిపోతే దాన్ని హత్యగానే లెక్కించాలన్నది 1690 నాటి స్కాట్లండ్ చట్టం. శిక్ష ఉరి. బిడ్డ పుట్టినప్పుడే ప్రాణం లేదని, ఈ దేశపు చట్టాలు తనకు తెలియవని ఆమె చెప్పుకుంది. పెర్త్‌లో విచారణకు తెచ్చినప్పుడు ఉరికి బదులు దేశ బహిష్కారం ఇమ్మని అర్జీ పెట్టింది. కోర్టు ఒప్పుకుంది. అమెరికా వలసలకు పంపి, అక్కడ జీవితకాలపు బానిసగా అమ్మాలని ఆదేశించింది. 1772లో గ్లాస్గో వర్తకుల ఓడ ‘బెట్సీ’ ఆమెను వర్జీనియాకు తీసుకుపోయింది. ఆ తర్వాత రికార్డుల్లో ఆమె లేదు.

జాన్ ఆమెను రక్షించడానికి ఎంత ప్రయత్నించాడు, తన ఇంటి పరువును ఎంత కాపాడుకున్నాడు అన్నదాని మీద వాదించుకోవచ్చు. నన్ను ఆపేది వేరే సంగతి. సొంత ఉద్యోగం పోతే వాటాదారుల సభను తిప్పేయగలిగిన కుటుంబం ఇది.

ఆమె వర్జీనియా చేరిన ఏడాదే, 1772 జూన్‌లో, బానిసను బలవంతంగా దేశం దాటించడం కుదరదని సోమర్‌సెట్ కేసులో ఇంగ్లండ్ కోర్టు తీర్పిచ్చింది. ఆ వార్త పేపర్లో చదివి స్కాట్లండ్‌లో జోసెఫ్ నైట్ అనే వ్యక్తి యజమాని ఇంటి నుంచి బయటికి నడిచాడు. ఆయన్ని జమైకాలో కొని తెచ్చిన యజమాని సర్ జాన్ వెడర్‌బర్న్. ఈ కేసు మొదలైందీ పెర్త్‌లోనే. 1778 జనవరిలో, స్కాట్లండ్ చట్టం బానిసత్వాన్ని గుర్తించదని ఎడిన్‌బరాలోని అత్యున్నత సివిల్ కోర్టు తేల్చింది. ఓడిపోయిన వెడర్‌బర్న్ ఎవరో కాదు, ఫ్రాన్స్ పారిపోయిన మార్గరెట్‌కు అల్లుడు, అంటే జాన్‌కు మేనకోడలి భర్త.

జాన్ అప్పటికి పార్లమెంటు సభ్యుడు. బెంగాల్ డబ్బుతో 1775లో ఓకిల్ కొండల కింద ఆల్వా ఎస్టేటు కొన్నాడు. జార్జ్ 1778లో అమెరికాతో సంధి మాట్లాడే బృందంలో వెళ్లి, కాంగ్రెస్ సభ్యుడు జోసెఫ్ రీడ్‌కు 10,000 పౌండ్లు ఎర చూపాడన్న ఆరోపణతో అభాసుపాలయ్యాడు. ముర్షీదాబాద్ పద్ధతి ఫిలడెల్ఫియాలో పనిచేయలేదు. జాన్ 1795లో ఆల్వాలో పోయాడు.

గ్రెనడా తోట కథ ఇంకా ఉంది. అలెగ్జాండర్ 1783లో చనిపోయాక అది పెద్దన్న జేమ్స్‌కు వచ్చింది. జేమ్స్ పార్లమెంటులో బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా మాట్లాడాడు. 1794లో ఆయన పోయాక విలియమ్‌కు వచ్చింది. 1805లో బానిస వ్యాపారాన్ని నిషేధించే బిల్లు పార్లమెంటుకు వచ్చినప్పుడు విలియం దాన్ని వ్యతిరేకించాడు. అన్నదమ్ములిద్దరూ రెండు పక్షాల్లో నిలబడ్డారు. ఇద్దరి ఖాతాలోకీ పంచదార డబ్బు వచ్చింది మాత్రం అదే వెస్టర్‌హాల్ తోట నుంచి, అక్కడి బానిసల చాకిరీ నుంచి.